తెలుగు కవితలో పెరటి పూవు

తెలుగు కావ్యములలో దేనిని విప్పి చూచినను పూవు లేని పుట అరుదు. మన ఆలంకారికులు ప్రబంధమునకు విధించిన పదునెనిమిది వర్ణనలలో ఉద్యానవర్ణన మొకటి. నాయిక మోము తామర, కన్నులు కలువలు, పలువరుస మొల్లమొగ్గలు, నాసిక సంపెంగ. మన్మథుని అమ్ములైదును పూవులే. రామాయణమును తెలుగు చేసిన కవయిత్రి పేరే మొల్ల. పూవులతో ఇంతగా నిండిన సాహిత్యము మరియొకటి యుండునా యనిపించును. అయినను ఈ గ్రంథములను చదివి, మూసి, పెరటిలోనికి పోయి ఒక మల్లెపొద ముందు నిలిచినప్పుడు ఒక సందేహము పొడముచున్నది. కావ్యములలోని ఇన్ని పూలమొక్కలకు నీరు పోసిన వారెవ్వరు?

ఇది చమత్కారమునకు వేసిన ప్రశ్న కాదు. పూవు కవిత్వములోనికి రెండు త్రోవలలో వచ్చును. ఒకటి ఉపమానముగా వచ్చుట; అప్పుడు కవి చూచునది పూవును కాదు, పూవును పోలిన మరియొక దానిని. రెండవది తానుగా వచ్చుట. అప్పుడు దానికొక వేరు, ఒక పాదు, దానికై వంగిన ఒక నడుము ఉండును. మన కవిత్వమున మొదటిది కొండంత, రెండవది గోరంత. కాని నిత్యజీవితమున మనకు సంతోషమును, ఆలోచనను ఇచ్చునది ఆ రెండవ పూవే. ఆ గోరంత ఎక్కడెక్కడ నున్నదో వెదకి చూపుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ఈ వెదకులాటకు మా యూరు కొంత కారణము. కంప్లి తుంగభద్ర కుడిగట్టున నున్నది. 1327 ప్రాంతమున ఢిల్లీ సైన్యములకు లోబడిన కంపిలి రాజ్యమునకు ఈ యూరి పేరే పేరు. నదికి ఎగువన కొలది దూరములోనే హంపి. 1443లో, రెండవ దేవరాయల కాలమున, విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు ఆ నగరవీథులను చూచి ఆశ్చర్యపడి, గులాబీలు ఎల్లెడల అమ్ముచున్నారనియు, ఈ జనులు అవి లేక బ్రతుకలేరనియు, వానిని అన్నముతో సమానముగ ఎంచుచున్నారనియు వ్రాసినాడు. పడమటి దిక్కున నున్న హడగలికి 'హూవిన హడగలి' అనియే పేరు. అచ్చటి మల్లె నేటికిని ప్రసిద్ధము. ఆ పూవులు పూర్వము నదీమార్గమున హంపికి చేరెడివని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. అట్టి త్రోవకు దిగువన నున్న యూరిలో పూవును గూర్చి తలపోయుట వింత కాదు.

వేరొక కారణమును కలదు. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లాను విభజించినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. తక్కినవి మైసూరు రాష్ట్రమున కలిసినవి. నాడు హొసపేట తాలూకాలో నుండిన కంప్లి ఈ వైపున నిలిచినది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడి హంపి అందులోనికి పోయినను కంప్లి బళ్లారి జిల్లాలోనే యున్నది. మనమిచ్చట నాటుకొన్న వారము. మన పిల్లలు కన్నడమున చదువుచున్నారు, అది న్యాయమే. తెలుగు వారికి ఇంటిభాష. అట్టివారి చేతికి తెలుగు పద్యమును అందించునప్పుడు, అందులోని పూవు వారి పెరటిలోని పూవే యని చూపగలిగితిమా, పద్యము బ్రతుకును. చూపలేకపోతిమా, అది నిఘంటువులో ఎండిన పూవగును. కనుక ఈ విమర్శ మనకు కాలక్షేపము కాదు.

మొదట ప్రబంధకవుల ఉద్యానమును చూతము. అచ్చట చెట్లు పూయుటకు విచిత్రమైన కారణములు కలవు. అశోకము స్త్రీ పాదము తాకినచో పూయును. పొగడ ఆమె పుక్కిటి మద్యమున, తిలకము ఆమె చూపున, గోరంట ఆమె కౌగిలింతన పూయును. ఇవి కవిసమయములు. వీనిలో సొగసు లేదని మేమనము. చెట్టునకును మనిషికిని నడుమ స్పర్శ యొకటి కావలెనను సూక్ష్మమైన భావము వీని అడుగున కలదు. కాని వందల యేండ్లు ఒకే మాటను ఒకరి తరువాత ఒకరు చెప్పుటచే ఆ స్పర్శ ఆరిపోయినది. ఏ ఋతువున ఏది పూయునో చూడకయే ఒకే తోటలో అన్నిటిని ఒక్కసారి పూయించిన కవులు కలరు. మల్లె వేసవిది, చేమంతి చలికాలపుది యని పూలమ్మునామెకు తెలిసినంత కూడ వారు పట్టించుకొనలేదు.

పోతన ఈ మందలోనివాడు కాడు. భాగవత దశమస్కంధమున కృష్ణుడు కనబడక గోపికలు వనమంతయు వెదకుచు మల్లెపొదలను పలుకరించి, మావాడు మీ చాటున నున్నాడా యని అడుగుదురు. ఈ ఘట్టము సంస్కృత మూలమున లేకపోలేదు. కాని తెలుగున అది పొరుగింటి వారిని పిలిచినంత చనువుగా మారినది. గోపికలు మల్లెను దేనితోను పోల్చలేదు. దానిని అడిగినారు. అడుగుట యనగా ఎదుటివారికి ఏదో తెలియునని ఒప్పుకొనుట. చీకటి పడునప్పుడు విచ్చుకొను మల్లెకు రాత్రి సంగతులు తెలియవలసినదే కదా. పూవును సాక్షిగా నిలబెట్టిన ఈ పద్యము మన పిల్లలకు మొదట చెప్పదగినది. పెరటిలోనికి పోయి వారును అట్లే అడిగి చూడవచ్చును.

నంది తిమ్మన 'పారిజాతాపహరణము'న పూవు కలహమునకు మూలము. నారదుడు తెచ్చిన ఒక్క పారిజాతమును కృష్ణుడు రుక్మిణి కిచ్చెను. వార్త విని సత్యభామ మండిపడెను. తుదకు కృష్ణుడు స్వర్గముపై దండెత్తి చెట్టునే పెకలించుకొని వచ్చెను. విమర్శకులు సత్య అలుకను, ఆమె పాదతాడనమును మెచ్చుకొని అచ్చటనే ఆగుదురు. మాకు మాత్రము ఈ కథ వేరొక మాట చెప్పుచున్నది. ఒక్క పూవు చేతికి వచ్చినప్పుడు అది గౌరవము, అంతస్తు, పోటీ. అది ఎవరికి దక్కిన వారిదగును, తక్కినవారికి దుఃఖమగును. చెట్టు వేళ్లతో వచ్చి పెరటిలో నిలిచిన తరువాత తగవు తీరినది. అయితే ఆ చెట్టు సత్య పెరటిలో ఎట్లు బ్రతికినదో తిమ్మనకు పట్టలేదు. కథ పుణ్యకవ్రతము వైపు సాగిపోయినది. ఆ లోటును జనులు పూరించినారు. చెట్టు సత్యభామ పెరటిలో నుండెననియు, పూవులు మాత్రము గోడ దాటి రుక్మిణి వాకిట రాలెడివనియు ఒక కథ చెప్పుకొందురు. ఏ విమర్శకుడును ఇంతకంటె చక్కని వ్యాఖ్య వ్రాయలేదు. కొమ్మ గోడను ఎరుగదు. ఈ సత్యము కావ్యములో కంటె పెరటిలోనే ముందుగా తెలియును.

ఇక శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'. ఆముక్తమాల్యద యనగా తాను ధరించి విడిచిన మాలను ఇచ్చినది, గోదాదేవి. కావ్యము పేరే పూలమాల మీద నిలిచినది. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు తోటను పెంచి, పూలు కట్టి, స్వామికి సమర్పించు భక్తుడు. ఆ తోటలోనే గోద శిశువుగా దొరకినది. పెరిగి పెద్దదై, స్వామికి కట్టిన మాలను తానొకసారి ముడిచి, నీడ చూచుకొని, మరల బుట్టలో పెట్టెడిది. ఆమె తన నీడను చూచుకొన్నదని చెప్పు బావిని ఆ యూర ఇప్పటికిని చూపుదురు.

ఈ కథ అందరు నెరిగినదే. మేము చూపదలచినది రెండవ ఆశ్వాసములోని ఒక చిన్న సందర్భము. మధురలో పాండ్యరాజు సభకు పోయి వాదమున గెలువుమని స్వామి విష్ణుచిత్తుని ఆజ్ఞాపించును. అతడు వెనుకాడి చెప్పుకొన్న మాటల సారమిది: తాను శాస్త్రములు చదువనివాడు; తోటనేలను త్రవ్వి త్రవ్వి తన చేతులు కాయలు కాచి మొరటుబారినవి; గుడి ఊడ్చుట, నీరు తెచ్చుట, మాలలు కట్టుట వంటి పనులు తనవి, సభలో వాదించుట తనది కాదు. ఆ తరువాత అతడు మధురకు పోయి గెలిచినాడు.

మొదట మేమడిగిన ప్రశ్నకు సమాధానము ఇచ్చట దొరకినది. కావ్యములోని పూలమొక్కకు నీరు పోసినవాడు ఇతడు. తెలుగు కవిత్వపు ఉద్యానములన్నిటిలో చెలికత్తెలు కలరు, తుమ్మెదలు కలవు, చిలుకలు కలవు; కాయలు కాచిన అరచేయి మాత్రము ఇచ్చట కనబడినంత స్పష్టముగ మరెచ్చటను మాకు కనబడలేదు. దానిని చూపినవాడు గునపము పట్టి బ్రతుకవలసిన అవసరము లేని చక్రవర్తి యగుట మరింత విశేషము. గోద మాల ముడిచికొనుటలోని సాహసము కూడ ఈ చేతి నుండియే అర్థమగును. నాన్న త్రవ్విన మడిలో, తాను దొరకిన తోటలో, కండ్లముందు మొగ్గ తొడిగిన పూవు అది. అంగడిలో కొన్న మాల యైనచో ఆమె కంత చనువు వచ్చెడిదా? తన పెరటి పూవు కనుకనే, ముందు తాను సంతోషించి ఆ సంతోషముతో కూడ దేవుని కిచ్చినది. దేవుడును దానినే కోరినాడు. పూవు అనుభవమునకా, అర్పణమునకా యను తగవును ఈ కావ్యము ఇట్లు తీర్చినది.

ఇదే కావ్యమున రాజనీతి చెప్పు సందర్భమున, రాజ్యము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి పేదరైతునకు పన్ను తగ్గించినచో అది వృద్ధి యగునని రాయలు హితవు చెప్పినాడు. విజయనగరపు కాలువలలో కంప్లి పేరిట నొకటి కలదు. మాల కట్టిన చేతిని, కాలువ త్రవ్విన చేతిని ఒకే గ్రంథమున గౌరవించిన కవి యని ఈ గట్టున నున్న మనము ప్రత్యేకముగ తలంచుకొనవలెను. నీరు లేని పూవు ఉపమానములో మాత్రమే పూయును.

ఆధునికులలో పూవును గూర్చి మాటలాడునప్పుడు జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము'ను దాటి పోలేము. కరుణశ్రీగా ప్రసిద్ధులైన ఈ కవి 1912లో జన్మించి 1992లో పరమపదించినారు. ఘంటసాల కంఠమున ఆ పద్యములు సరిహద్దులు దాటి తెలుగువారున్న ప్రతి యూరికి చేరినవి. ఉదయమున పూజకు పూలు కోయబోయిన మనిషిని పూవులే నిలదీయుట అందలి వస్తువు. తల్లి యొడిలో నున్న మమ్మేల త్రుంచెదవు, సూదితో గుండెలేల గ్రుచ్చెదవు, బుద్ధుడు పుట్టిన నేలలో నీకీ నిర్దయ యేల యని అవి అడుగును. ఆ మనిషి రిక్తహస్తములతో దేవుని వద్దకు మరలును. పోతనలో మనుష్యుడు పూవును అడిగెను. ఇచ్చట పూవు మనుష్యుని అడిగెను. ఈ మలుపు తెలుగు కవిత్వమున గొప్ప మలుపు. పూవు ఉపమానపు సంకెలలను తెంచుకొని తన నోటితో తాను మాటలాడినది. ఇంతవరకు మా నమస్కారము.

కాని ఆ పూవులు చెప్పినదంతయు నిజమా యని అడుగుటకు పెరడు గల మనకు హక్కు కలదు. ఆ కవితలో కోయుచేయి కలదు, నీరుపోయు చేయి లేదు. మాల కట్టు స్త్రీలను ఆ పూవులు కఠినహృదయలని నిందించినవి. మన యిండ్లలో సాయంకాలము అరటినార తడిపి మొగ్గలు కట్టుచు కూర్చుండునామెయే ప్రొద్దున కడవ మోసి పాదులు తడిపినది. ఆమెకు ఏ రెమ్మ ఎండినదో, ఏ ఆకునకు తెగులు పట్టినదో తెలియును. ఇంకొకటి. మల్లెమొగ్గను కోయకున్నచో ఒకటి రెండు దినములలో అది చెట్టుననే వాడి రాలును. మల్లెకు చలికాలమున రెమ్మలు కత్తిరించినచో వేసవిలో మరింత పూయును. బంతికి, చేమంతికి విచ్చిన పూవులను తీయుచుండిన కొలది క్రొత్త మొగ్గలు వచ్చును. ఈ చిన్న విషయములు తోటపని ఎరిగిన ప్రతి యిల్లాలికి తెలిసినవే. అవి తెలిసిన చేతికి కోయుట వధ కాదు. చెట్టుతో చేసికొన్న ఒక ఒప్పందము.

అట్లని కరుణశ్రీగారి కవిత వ్యర్థమని మా యభిప్రాయము కాదు. ఒప్పందమును మీరువారు కలరు. తెల్లవారకముందే పరుల కంచెలపై చేయి చాపి, చెట్టు బోసిపోవునట్లు దూసికొని పోవు భక్తులను ఏ యూరనైనను చూడవచ్చును. పూవుల ఫిర్యాదు వారి మీద న్యాయము. మన సంప్రదాయమున పారిజాతమున కొక మినహాయింపు కలదు. నేల రాలిన పూవు పూజకు పనికిరాదందురు, పారిజాతము తప్ప. రాత్రి విచ్చి తెల్లవారునప్పటికి తానే రాలు ఆ పూవును ఎవరును త్రుంపనక్కర లేదు, ఏరుకొన్న చాలును. నిందించిన పూవులకును, నిందపడిన చేతికిని నడుమ ఆ చెట్టు మౌనముగ రాజీ చెప్పుచున్నది. పుష్పవిలాపమును పిల్లలకు వినిపించినప్పుడు ఈ చెట్టును కూడ చూపుట మంచిది. లేనిచో వారు జాలిని నేర్చికొందురు, బాధ్యతను నేర్చుకొనరు.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి త్రోవ వేరు. ఆకులలో ఆకుగా, పూవులలో పూవుగా కలిసిపోవలెనను కోరికతో వారు వ్రాసిన గీతము 1982లో వచ్చిన 'మేఘసందేశము' చలనచిత్రము ద్వారా ఇంటింటికి తెలిసినది. అందులో అడుగుటయు లేదు, అడిగించుకొనుటయు లేదు, కలిసిపోవుటయే యున్నది. ఆ తన్మయత్వము మధురమే. అయితే అది అడవిలో తిరుగువాని యానందము. సాయంకాలము ఇల్లు చేరి కడవ అందుకొనువాని యానందము కాదు. రెండును కావలెను. రెండవ దానిని పాడిన కవులు తక్కువ యనియే మా వగపు.

పాడనివారు పురుషకవులు మాత్రమే యని కూడ చెప్పవలెను. స్త్రీలు పాడినారు, కాని గ్రంథములలో కాదు. తెలంగాణమున బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు, బంతి పూవులను పళ్లెరమున వరుసలుగ పేర్చి, చుట్టును తిరిగి పాడి, తుదకు చెరువున విడుతురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. అచ్చట పూవు దేవునికి అర్పించు వస్తువు కాదు, పూవే అమ్మ. పైగా ఆ తంగేడు, గునుగు గట్ల వెంట, బీళ్లలో తమంత తామే మొలచునవి. ప్రబంధకవులు తోటలోనికి రానీయని గడ్డిపూవును ఆ స్త్రీలు శిఖరమున కూర్చుండబెట్టినారు. సర్కారు జిల్లాలలో సంక్రాంతి గొబ్బెమ్మకు గుమ్మడిపూవు పెట్టుటలోను ఇదే చూపు కలదు. ఈ చూపును మన సాహిత్యవిమర్శ ఇంకను తగినంత గౌరవింపలేదు.

ఇప్పుడు మన పెరళ్లకు వత్తము. మన యిండ్లలో ప్రతి పూవునకు రెండు పేర్లు. మల్లె ఇంట, మల్లిగె వీథిలో. చేమంతికి సేవంతిగె, సంపంగికి సంపిగె, తామరకు తావరె. ఇవి అక్కచెల్లెండ్ర వలె ముఖము పోలినవి. మందారమునకు దాసవాళము, గన్నేరునకు కణగిలె. ఇవి వియ్యపువారి వలె వేరు వేరు. పూవు అను మాటయే చూడుడు. కన్నడమున నేడది హూవు. ప్రాచీన కన్నడమున అదియును పకారముతోనే పలికెడిది. పాలు హాలైనట్లు, పూవు హూవైనది. ఒక మొక్క ముందు నిలిచి పిల్లవానికి రెండు పేర్లును చెప్పినచో, ఏ వ్యాకరణగ్రంథమును తెరువకయే రెండు భాషల చుట్టరికము వానికి తెలియును. ఒక పేరును నేర్చుటకు మరియొక పేరును మరువనక్కర లేదని కూడ తెలియును.

మరియొక సంగతి కలదు. మన పెరటి పూవులలో చాల భాగము ఈ నేలలో పుట్టినవి కావు. బంతి అమెరికా ఖండము నుండి వచ్చినది; నన్నయ తిక్కనలు దానిని ఎరుగరు. చంద్రకాంతయు అమెరికా ఖండముదే. బిళ్లగన్నేరు మడగాస్కరు ద్వీపపుది. చేమంతి సాగు చీనాలో పుట్టినది. గులాబి యను మాట పారసీకము. ఆ భాషలో అది పూవు పేరు కూడ కాదు, పన్నీటి పేరు. నేడు బంతిపూల తోరణము లేక మన గడపకు పండుగ రాదు. బంతి తన పుట్టినచోటును దాచలేదు, ఇచ్చటి ఎండను నిందింపలేదు. వేరూని పూచినది, గడప దానిని తనదిగ చేసికొన్నది. నాటుకొన్న కుటుంబములకు ఇంతకంటె తేటగ ఎవరు చెప్పగలరు?

నేడు ఇండ్లు పెరుగుచు పెరళ్లు తరుగుచున్నవి. మట్టి ఉండిన చోట బండలు పరచుచున్నాము. పూవు మూర లెక్కన అంగడి నుండి వచ్చుచున్నది. అంగడి పూవునకును పరిమళము కలదు, దానిని మేము తూలనాడము. అది కట్టి అమ్మునామెకు జీవనాధారము. కాని మొగ్గ నుండి వాడుట వరకు పూవుతో కూడ గడపిన నాలుగు దినములను అంగడి అమ్మలేదు. విష్ణుచిత్తుని అరచేతిలోని కాయలను అర్థము చేసికొనుటకు ఆ నాలుగు దినములు కావలెను. అవి లేనివానికి ఆముక్తమాల్యద కఠినపదముల అడవిగనే మిగులును.

కనుక మేము కోరునది పెద్దది కాదు. మన సంఘమున ప్రతి యింట, పెరడు లేకున్నచో గడప ప్రక్కన తొట్టిలోనైనను, ఒక మల్లెనో పారిజాతమునో నాటుదము. నీరు పోయు పనిని పిల్లలకు అప్పగింతము. మొదటి మొగ్గ కనబడిన దినమున వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పోతన గోపికల పద్యమును ఒకటి చదివి వినిపింతము. పద్యము పూవును, పూవు పద్యమును గుర్తుపట్టిన ఆ యింట తెలుగు మరికొంత కాలము నిలుచునని మా విశ్వాసము.